అమెరికా ప్రైమరీల్లో మీ అభ్యర్థికి డెలిగేట్లను గెలిపించడం ఎలా

2012 జనవరి 3న అయోవా రాష్ట్రంలో రిపబ్లికన్ కాకస్ జరిగింది, అంటే అధ్యక్ష పదవికి తమ అభ్యర్థి ఎవరో తేల్చడానికి పార్టీవాళ్ళు ఊరూరా కూడి ఓటేసే సమావేశం. మిట్ రామ్నీ 8 ఓట్ల తేడాతో గెలిచారని మొదట ప్రకటించారు. తర్వాత లెక్క సరిచూసి, రిక్ శాంటోరమ్‌కే 34 ఓట్లు ఎక్కువ వచ్చాయన్నారు. రాన్ పాల్‌కి దక్కింది సుమారు 21 శాతం ఓట్లతో మూడో స్థానం. ఆగస్టులో టాంపాలో జాతీయ కన్వెన్షన్ (అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ మహాసభ) జరిగినప్పుడు మాత్రం, అయోవా వేసిన 28 ఓట్లలో 22 రాన్ పాల్‌కే వెళ్ళాయి.

ఇందులో మాయ ఏమీ లేదు. కాకస్ రాత్రి వేసిన ఓటుకి డెలిగేట్లు (కన్వెన్షన్‌లో ఓటేసే ప్రతినిధులు) కట్టుబడాలన్న నియమం అప్పట్లో అక్కడ లేదు. ఓటు వేసి చాలామంది ఇంటికి వెళ్ళిపోయారు. కౌంటీ కన్వెన్షన్‌కి ఎవరిని పంపాలో తేల్చేది ఆ తర్వాతే. రాన్ పాల్ మద్దతుదారులు కూర్చున్న చోటు నుంచి లేవలేదు. కౌంటీకి, డిస్ట్రిక్ట్‌కి, రాష్ట్రానికి, ప్రతి మెట్టు దగ్గరా వాళ్ళే వచ్చారు.

అమెరికాలో సిటిజన్‌షిప్ తీసుకున్న తెలుగువాళ్ళలో చాలామంది నవంబర్‌లో ఓటేస్తారు, కొందరు ప్రైమరీలోనూ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనూ) వేస్తారు. ఈ మెట్ల దగ్గర మాత్రం మనవాళ్ళు పెద్దగా కనిపించరు. ఒక సామాన్య పౌరుడి మాటకి అమెరికా రాజకీయాల్లో అన్నిటికంటే ఎక్కువ బరువు ఉండేది ఇక్కడేనని నా నమ్మకం. లక్షల ఓట్ల మధ్య మీ ఓటు ఒకటి. ప్రెసింక్ట్ (అన్నిటికంటే చిన్న ఓటింగ్ ప్రాంతం) మీటింగ్‌లో పదిహేను మంది ఉంటే అందులో మీరు ఒకరు. పార్టీ ఏదైనా, అభ్యర్థి ఎవరైనా పని ఒకటే కాబట్టి, ఎలా చేయాలో వరసగా చెబుతాను.

ముందుగా మీ హోదా చూసుకోండి

ప్రైమరీలో ఓటు వేయడానికి, డెలిగేట్ కావడానికి అమెరికా పౌరసత్వం ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు అభ్యర్థికి సొంత డబ్బు చందాగా ఇవ్వొచ్చు, వాలంటీర్‌గా పని చేయొచ్చు. హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు. జీతం తీసుకోకుండా ఫోన్లు చేయడం, కుర్చీలు వేయడం లాంటి పనులు చేయొచ్చు గానీ, ప్రచారంలో నిర్ణయాలు తీసుకునే చోట ఉండకూడదు.

ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. పౌరసత్వం లేనివాళ్ళు తెలిసో తెలియకో ఓటర్ ఫారం నింపితే, అది జీవితాంతం ఇమ్మిగ్రేషన్ ఫైల్లో సమస్యై కూర్చుంటుంది. మీ గ్రూపులో కొత్తగా చేరినవాళ్ళని మొదటిరోజే అడగండి. అడిగామని ఎవరూ ఏమీ అనుకోరు.

1. రెండు లెక్కలను విడదీయండి

ప్రైమరీ అనగానే టీవీలో కనిపించే శాతాలు గుర్తొస్తాయి. అసలు జరిగేవి రెండు వేర్వేరు పనులు. ఏ అభ్యర్థికి ఎన్ని డెలిగేట్ సీట్లు వస్తాయన్నది ఒకటి. ఆ సీట్లలో ఏ మనుషులు కూర్చుంటారన్నది రెండోది. మొదటిది ఓటర్లు తేలుస్తారు, రెండోది ఎక్కువ రాష్ట్రాల్లో పార్టీ మీటింగులు తేలుస్తాయి. మన దగ్గర కమ్యూనిస్టు పార్టీల మహాసభలకి శాఖ నుంచి మండలానికి, అక్కడి నుంచి జిల్లాకి, రాష్ట్రానికి ప్రతినిధులను ఎన్నుకుంటూ పోవడం చూసినవాళ్ళకి ఈ వరస కొత్తగా అనిపించదు.

కాకస్ రాష్ట్రాల్లో సాధారణంగా ప్రెసింక్ట్, కౌంటీ, కాంగ్రెషనల్ డిస్ట్రిక్ట్ (మన లోక్‌సభ నియోజకవర్గం లాంటిది), రాష్ట్రం అని నాలుగు మెట్లు ఉంటాయి. ఇల్లినాయ్‌లో రిపబ్లికన్లు డెలిగేట్ల పేర్లనే బ్యాలెట్ మీద వేసి, పక్కన వాళ్ళు ఎవరి తరఫో రాసేవారు. డెమొక్రాట్ల దగ్గర, ఏ అభ్యర్థి తరఫున నిలబడతారో ఆ ప్రచార బృందం మీ పేరుని ఒప్పుకోవాలి, కాదంటే కొట్టేస్తారు. అందుకే డెమొక్రాట్‌గా నిలబడేవాళ్ళు అభ్యర్థి ఆఫీసుతో ముందే పరిచయం పెంచుకోవాలి. రిపబ్లికన్ల దగ్గర చాలా రాష్ట్రాల్లో ఆ అడ్డు లేదు. అయోవాలో జరిగింది అందుకే సాధ్యమైంది.

2. రూల్ పుస్తకం సంపాదించి మొత్తం చదవండి

డెమొక్రాట్లయితే ప్రతి రాష్ట్ర పార్టీ ఒక డెలిగేట్ సెలెక్షన్ ప్లాన్ తయారుచేసి బయటపెడుతుంది. రిపబ్లికన్లయితే రాష్ట్ర పార్టీ తన నియమాలను ఎన్నికకు ముందు ఏడాది అక్టోబర్ 1లోపు జాతీయ కమిటీకి పంపాలి. ఎవరో వాట్సాప్‌లో పెట్టిన సారాంశం చదివి ఊరుకోవద్దు. అసలు పత్రమే చదవండి. అరవై డెబ్బై పేజీలు ఉన్నా సరే, ఒక శనివారం దానికే కేటాయించండి.

చదివేటప్పుడు తేదీలు వేరే కాగితం మీద రాసుకోండి. ఓటరుగా నమోదుకి గడువు, పార్టీ మార్చుకోవడానికి గడువు, డెలిగేట్‌గా పోటీ చేస్తున్నట్టు ఫారం ఇవ్వడానికి గడువు, ఫీజు ఉంటే ఎంత అన్నవి ముఖ్యం. పార్టీ మార్పు గడువు కొన్ని రాష్ట్రాల్లో నెలల ముందే ముగుస్తుంది. 2016లో న్యూయార్క్‌లో డొనాల్డ్ ట్రంప్ పిల్లలు ఇవాంకా, ఎరిక్ గడువులోపు రిపబ్లికన్లుగా నమోదు కాలేదు. సొంత తండ్రికి ఓటేయలేకపోయారు. టెక్సస్‌లో పార్టీ రిజిస్ట్రేషన్ అనేదే ఉండదు. ఏ పార్టీ ప్రైమరీలో ఓటేస్తే ఆ ఏడాదికి ఆ పార్టీ మనిషిగా లెక్క. డాలస్ నుంచి న్యూజెర్సీకి ఇల్లు మారితే నియమాలన్నీ మారిపోయినట్టే అనుకోండి.

3. ఏ డిస్ట్రిక్ట్‌లో శ్రమ పెట్టాలో లెక్క వేయండి

తెలుగువాళ్ళు ఇష్టపడే పని ఇది. డెమొక్రాటిక్ ప్రైమరీల్లో సీట్లు ఓట్ల నిష్పత్తిలో పంచుతారు. వాటా దక్కాలంటే కనీసం 15 శాతం ఓట్లు రావాలి. ఎక్కువ సీట్లు డిస్ట్రిక్ట్ వారీగా పంచుతారు కాబట్టి, డిస్ట్రిక్ట్‌లో ఉన్న సీట్లు సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నది చాలా తేడా తెస్తుంది.

ఇద్దరి మధ్యే పోటీ అనుకుందాం. 4 సీట్లున్న చోట 55 శాతం తెచ్చుకున్నా చెరి రెండే. మూడో సీటు కావాలంటే 62.5 శాతం దాటాలి. 5 సీట్లున్న చోట 50 దాటి ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు, 3–2. అక్కడ నాలుగోది కావాలంటే 70 దాటాలి. 6 సీట్లయితే 4–2 కోసం 58.3 శాతం దాటాలి. మీ అభ్యర్థికి ఫలానా డిస్ట్రిక్ట్‌లో 54 శాతం వస్తుందని అంచనా ఉంటే, 4 సీట్లున్న చోట ఇంటింటికీ తిరిగి దాన్ని 58 చేసినా సీట్ల లెక్కలో ఏమీ మారదు. పక్కనే 5 సీట్లున్న డిస్ట్రిక్ట్‌లో 49 ఉంటే, మనుషులందరినీ అక్కడికి పంపాలి.

2008లో బరాక్ ఒబామా బృందం ఈ లెక్కని వంటబట్టించుకుంది. నెవాడా కాకస్‌లో ఎక్కువమంది హిల్లరీ క్లింటన్ వైపే నిలిచారు. జాతీయ డెలిగేట్లు మాత్రం ఒబామాకి 13, ఆమెకి 12. రాష్ట్రపు ఉత్తర, గ్రామీణ ప్రాంతాల్లో ఒబామాకి బలం ఉండటం అక్కడ కలిసొచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరి 5న చిన్న రాష్ట్రమైన ఐడహోలో ఆయనకి 12 డెలిగేట్ల ఆధిక్యం వచ్చింది. పెద్ద రాష్ట్రమైన న్యూజెర్సీలో గెలిచిన క్లింటన్‌కి దక్కిన ఆధిక్యం 11. ఎవరూ పట్టించుకోని చోట్ల ఆఫీసులు తెరిచి, మనుషులను పెట్టిన ఫలితం అది.

ఓడిపోతామని ముందే తెలిసిన వర్గానికి కూడా ఈ లెక్క పనికొస్తుంది. 2024లో మిషిగన్ డెమొక్రాటిక్ ప్రైమరీలో గాజా యుద్ధం మీద నిరసనగా లక్షమందికి పైగా అన్‌కమిటెడ్ (ఏ అభ్యర్థికీ కాదు) అన్న గడిలో ఓటేశారు. రాష్ట్రం మొత్తం మీద అది 13 శాతం చిల్లర, 15కి చేరలేదు. అయినా రెండు డిస్ట్రిక్టుల్లో 15 దాటినందుకు 2 డెలిగేట్లు వచ్చాయి. మిన్నెసోటాలో రాష్ట్రమంతటా గీత దాటారు, 11 మంది వచ్చారు.

రిపబ్లికన్ల దగ్గర లెక్క రాష్ట్రానికో రకం. కొన్ని చోట్ల గెలిచినవాళ్ళకే అన్నీ, కొన్ని చోట్ల నిష్పత్తి, కొన్ని చోట్ల రెండూ కలిపి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ప్రతి కాంగ్రెషనల్ డిస్ట్రిక్ట్‌కీ 3 డెలిగేట్లు ఉంటారు, అక్కడ రిపబ్లికన్లు లక్షమంది ఉన్నా, పదివేల మంది ఉన్నా. డెమొక్రాట్లకి పెట్టని కోటలాంటి పట్టణ డిస్ట్రిక్ట్‌లో ఉండే రిపబ్లికన్ ఓటు విలువ అందువల్ల చాలా ఎక్కువ. మన ఐటీవాళ్ళు ఉండేది ఎక్కువగా అలాంటి చోట్లే.

4. మీ ప్రెసింక్ట్‌లో పాతుకుపోండి

కౌంటీ ఎన్నికల ఆఫీసు సైట్‌లో మీ ఓటర్ వివరాలు చూస్తే ప్రెసింక్ట్ నంబర్ కనిపిస్తుంది. తర్వాత కౌంటీ పార్టీకి ఫోన్ చేసి మీ ప్రెసింక్ట్ ఛైర్ (అక్కడి పార్టీ బాధ్యులు) ఎవరని అడగండి. ఖాళీగా ఉందన్న జవాబు మీరు అనుకున్నదానికంటే ఎక్కువసార్లు వస్తుంది. ఖాళీ ఉంటే ఆ పదవి మీరే అడగండి. టెక్సస్‌లో ఈ పదవికి రెండేళ్ళకోసారి మార్చి ప్రైమరీలోనే ఎన్నిక జరుగుతుంది, మధ్యలో ఖాళీ అయితే కౌంటీ కమిటీ నింపుతుంది.

ఇల్లినాయ్‌లో 2016లో జరిగిన సంగతి ఒకటి మనం తప్పకుండా తెలుసుకోవాలి. ఆరో కాంగ్రెషనల్ డిస్ట్రిక్ట్‌లో ట్రంప్ తరఫున ముగ్గురు డెలిగేట్ అభ్యర్థులు నిలబడ్డారు. వాళ్ళలో దక్షిణాసియా ముస్లిం పేరున్న వ్యక్తికి, అదే జాబితాలోని మిగతా ఇద్దరికంటే వేల ఓట్లు తక్కువ వచ్చాయి. ఆ సీటు పోయింది. ముగ్గురూ ట్రంప్ తరఫే, డెలిగేట్ పేరే ఓటుని మార్చేసింది. ఇది చదివి నిరాశపడొద్దు, కోపం తెచ్చుకున్నా తప్పులేదు. మందు మాత్రం ఒకటే. బ్యాలెట్ మీద పేరు కనిపించేలోపే మనుషులకి ముఖం తెలిసి ఉండాలి. స్కూల్ బోర్డ్ మీటింగ్‌కి వెళ్ళండి, కౌంటీ పార్టీ నెలవారీ సమావేశాల్లో కుర్చీలు సర్దండి, వేరే పదవికి పోటీ చేస్తున్నవాళ్ళ కోసం తలుపులు తట్టండి. ఏడాది పాటు వాళ్ళ పని మీరు చేసిపెడితే, మీ పేరు పలకడం కూడా వాళ్ళే నేర్చుకుంటారు.

ఆడవాళ్ళకి ఒక మాట. డెమొక్రాటిక్ డెలిగేట్లలో స్త్రీ పురుషులు సమానంగా ఉండాలన్నది నియమం. మన ఇళ్ళల్లో ఇలాంటి పనులకి మగవాళ్ళు వెళ్ళడం, ఆడవాళ్ళు భోజనాల ఏర్పాట్లు చూడటం అలవాటైపోయింది. ఈసారి మీరే నిలబడండి. సీట్లలో సగం మీ కోసమే ఉన్నాయి.

5. కాకస్ రోజు చివరిదాకా ఉండండి

ఆ రోజు చేయాల్సిన పని చెప్పడానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. అరగంట ముందే వెళ్ళండి. తలుపు దగ్గర పేరు నమోదు చేసుకోండి. ఓటు అయ్యాక లేవొద్దు. డెలిగేట్లు, ఆల్టర్నేట్ల (డెలిగేట్ రాకపోతే బదులుగా కూర్చునేవాళ్ళ) ఎన్నిక వచ్చేదాకా కూర్చోండి. పిల్లల హోమ్‌వర్క్, రేపటి స్టాండప్ కాల్ లాంటివి ఆ ఒక్క రాత్రికి ఇంకెవరికైనా అప్పగించండి.

2008 మార్చి 4న టెక్సస్‌లో డెమొక్రాట్లకి పగలు ప్రైమరీ, రాత్రి కాకస్ రెండూ జరిగాయి. పగలు క్లింటన్ గెలిచారు, రాత్రి ఒబామా గెలిచారు. రెండూ కలిపితే టెక్సస్ డెలిగేట్లు ఒబామాకే ఎక్కువ. రాత్రి మళ్ళీ వచ్చినవాళ్ళు ఆయన వైపే ఎక్కువ ఉన్నారు.

డెలిగేట్ సీట్లు నిండిపోతే ఆల్టర్నేట్‌గానైనా పేరు ఇవ్వండి. పైమెట్టు కన్వెన్షన్‌కి డెలిగేట్లలో చాలామంది రారు. వచ్చిన ఆల్టర్నేట్ ఆ కుర్చీలో కూర్చుంటాడు.

6. జాబితా, ఫోన్లు, కాగితాలు

గెలుపోటములు తేలేది ఇక్కడే. మీ వైపు ఎన్నికైన ప్రతి మనిషికీ ఒక షీట్‌లో ఒక్కో వరస పెట్టండి. పేరు, ఫోన్, ప్రెసింక్ట్, ఓటర్ నమోదు సరిగా ఉందా, పార్టీ సరైనదేనా, చిరునామా మారిందా, వచ్చే కన్వెన్షన్‌కి వస్తారా, కారు ఉందా అన్నవి రాసుకోండి. ఒక్కో మనిషి పదిమంది బాధ్యత తీసుకోవాలి. కన్వెన్షన్‌కి రెండు వారాల ముందు, మూడు రోజుల ముందు, ఆ రోజు పొద్దున ఫోన్ చేయాలి. మెసేజ్ పెట్టి వదిలేయొద్దు, గొంతు వినాలి.

ఎందుకింత పట్టుదల అంటే, 2016 నెవాడానే చూడండి. ఫిబ్రవరి డెమొక్రాటిక్ కాకస్‌లో క్లింటన్ సుమారు 5 శాతం తేడాతో గెలిచారు. ఏప్రిల్‌లో క్లార్క్ కౌంటీ కన్వెన్షన్‌కి ఆమె డెలిగేట్లు చాలామంది రాకపోవడంతో, అక్కడ బెర్నీ శాండర్స్ వర్గానిదే పైచేయి అయింది. మే నెలలో లాస్ వెగాస్‌లో రాష్ట్ర కన్వెన్షన్ జరిగింది. గడువులోగా డెమొక్రాట్లుగా నమోదు కాలేదనో, వివరాలు సరిపోలలేదనో 50 మందికి పైగా శాండర్స్ డెలిగేట్లను కూర్చోనివ్వలేదు. ఆ రోజు క్లింటన్ వర్గం ఆధిక్యం 33. అరుపులు, గొడవలతో సభ ముగిసింది. ఎవరి వాదన సరైనదని ఇప్పటికీ తగాదా పడేవాళ్ళున్నారు. శాండర్స్ వర్గం తమవాళ్ళ నమోదులు ఏప్రిల్‌లోనే ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని ఉంటే ఆ తగాదాకి అంత చోటు ఉండేది కాదని నా అభిప్రాయం.

తర్వాత స్లేట్. మీ వర్గం ఎవరెవరికి ఓటేయాలో చెప్పే ఒక పేజీ కాగితం. 2016 ఏప్రిల్‌లో కొలరాడో స్ప్రింగ్స్‌లో రిపబ్లికన్ రాష్ట్ర కన్వెన్షన్‌లో వందలమంది డెలిగేట్లుగా పోటీపడ్డారు. ఒక్కొక్కరికీ మాట్లాడటానికి 10 సెకన్లు. టెడ్ క్రూజ్ వర్గం పేరు, బ్యాలెట్ నంబర్ స్పష్టంగా వేసిన జాబితా పంచింది. ట్రంప్ వర్గం పంచిన కాగితాల్లో కొన్ని పేర్లకి, నంబర్లకి పొంతన లేదు. ఆ రాష్ట్రంలో ఎన్నుకున్న 34 సీట్లూ క్రూజ్ వైపే వెళ్ళాయి. స్లేట్ అచ్చు వేసే ముందు ఇద్దరు కూర్చుని, ఒకరు పైకి చదువుతూ ఒకరు చూస్తూ, ప్రతి నంబరూ సరిపోల్చండి. ఎన్ని సీట్లుంటే అన్ని పేర్లే ఉండాలి. ఒక పేరు ఎక్కువైతే ఓట్లు చీలుతాయి.

7. కన్వెన్షన్ హాల్లో

రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్ అనే సభా నియమాలను చాలా పార్టీలు పాటిస్తాయి. మొత్తం కంఠతా పట్టక్కర్లేదు. నాలుగు సంగతులు వస్తే చాలు. నియమం తప్పినప్పుడు పాయింట్ ఆఫ్ ఆర్డర్ అనాలి. అధ్యక్షుడి నిర్ణయం నచ్చకపోతే అపీల్ అనాలి, అప్పుడు సభే ఓటేసి తేలుస్తుంది. కేకల ఓటు మీద అనుమానం ఉంటే డివిజన్ అడగాలి, అప్పుడు లేచి నిలబడి లెక్కిస్తారు. చర్చ ఆపి ఓటు అడగడానికి ప్రీవియస్ క్వశ్చన్ అనాలి. మీలో ఒకరు ఇది బాగా నేర్చుకుని మైక్ దగ్గర కూర్చోవాలి. మిగతావాళ్ళు ఆ ఒక్కరినే చూసి నడవాలి.

అసలు పోరు డెలిగేట్ల ఓటింగ్‌కి ముందే, ఉదయం సభాధ్యక్షుడి ఎన్నిక దగ్గర, క్రెడెన్షియల్స్ (ఎవరు అసలైన డెలిగేట్లో తేల్చే) నివేదిక దగ్గర, రూల్స్ నివేదిక దగ్గర జరుగుతుంది. 2012 మేలో మెయిన్ రాష్ట్ర రిపబ్లికన్ కన్వెన్షన్‌లో రాన్ పాల్ వర్గం తమ మనిషిని సభాధ్యక్షుడిగా గెలిపించుకుంది. తేడా 4 ఓట్లు. ఆ తర్వాత 24 జాతీయ సీట్లలో 21 వాళ్ళకే వచ్చాయి. కాఫీ తాగి పదింటికి వద్దాంలే అని నలుగురైదుగురు అనుకుని ఉంటే ఆ రోజు కథ వేరు.

అంతటితో అయిపోలేదు. టాంపాలో జాతీయ పార్టీ క్రెడెన్షియల్స్ కమిటీ ఆ మెయిన్ డెలిగేట్లలో 10 మందిని తీసేసి వేరేవాళ్ళని పెట్టింది. అభ్యర్థి పేరు ప్రతిపాదించడానికి అప్పటిదాకా 5 రాష్ట్రాల మద్దతు కావాలి. దాన్ని 8 రాష్ట్రాల్లో మెజారిటీకి పెంచారు. అంతమంది డెలిగేట్లను కష్టపడి గెలుచుకున్నవాళ్ళకి అది అన్యాయంగానే తోచింది, నాకూ తోస్తుంది. మీరు నేర్చుకోవాల్సింది మాత్రం, ప్రతి మెట్టులోనూ రికార్డు మీ దగ్గర ఉంచుకోవాలని. హాజరు షీట్ల ఫోటోలు, ఓట్ల లెక్కలు, సంతకాలు అన్నీ ఆ రోజే భద్రపరచండి. మీ ఎన్నికని ఎవరైనా సవాలు చేస్తే, కమిటీ ముందు మాటల కంటే కాగితాలకే విలువ.

8. మీ ఓటుకి హద్దులేమిటో నిజాయితీగా చెప్పండి

మనవాళ్ళు ఎక్కువమంది డెలిగేట్లయితే ఓటర్ల తీర్పుని తిరగరాయొచ్చని ఎవరైనా ఆశపెడితే నమ్మొద్దు, మీరూ ఎవరికీ అలా చెప్పొద్దు. 2012 తర్వాత రిపబ్లికన్లు నియమాలు బిగించారు. రాష్ట్రంలో ఓటర్లు తేల్చిన లెక్కకి డెలిగేట్ కట్టుబడాలి, వేరేలా వేసినా ఆ ఓటుని లెక్కలోకి తీసుకోరు. 2016లో ట్రంప్‌ని వ్యతిరేకించినవాళ్ళు ఈ కట్టుబాటు తెంచాలని చూశారు. 112 మంది ఉన్న రూల్స్ కమిటీలో కనీసం 28 మంది మద్దతు కావాలి, దొరకలేదు. డెమొక్రాట్ల దగ్గర, తమని ఎన్నుకున్నవాళ్ళ అభిప్రాయాన్ని మనస్సాక్షిగా ప్రతిబింబించాలన్నది నియమం. వాళ్ళ సూపర్ డెలిగేట్లు (పార్టీలో హోదా వల్ల నేరుగా డెలిగేట్లయ్యే నాయకులు) కూడా, 2018 మార్పుల తర్వాత, ఫలితం తేలని మొదటి రౌండులో ఓటేయరు.

మరి ఇంత శ్రమ ఎందుకంటే, డెలిగేట్లు చేసేది అభ్యర్థికి ఓటేయడం ఒక్కటే కాదు. రిపబ్లికన్ కన్వెన్షన్‌కి ప్రతి రాష్ట్ర బృందం రూల్స్, క్రెడెన్షియల్స్, ప్లాట్‌ఫామ్ లాంటి కమిటీలకి ఒక పురుషుడిని, ఒక స్త్రీని పంపుతుంది. వచ్చే నాలుగేళ్ళ నియమాలు, పార్టీ విధానపత్రం తయారయ్యేది అక్కడ. గ్రీన్ కార్డు క్యూల గురించి పార్టీ పత్రంలో ఒక వాక్యం ఉండాలంటే, ఆ గదిలో ఆ బాధ తెలిసిన మనిషి ఉండాలి. మొదటి రౌండులో ఎవరికీ మెజారిటీ రాకపోతే కట్టుబాట్లు సడలడం మొదలవుతుంది, అప్పుడు కుర్చీలో ఉన్నది ఎవరన్నదే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న.

9. డబ్బు

జాతీయ కన్వెన్షన్‌కి వెళ్తే విమానం, హోటల్ ఖర్చు చాలావరకు డెలిగేటే పెట్టుకోవాలి. రాష్ట్ర బృందానికి కేటాయించిన హోటల్లోనే ఉండాలి, ఆ రోజుల్లో ధరలు మండిపోతాయి. స్నేహితులు చందా వేసుకుని పంపొచ్చు గానీ, ఎవరి డబ్బు తీసుకోవాలో జాగ్రత్త. కంపెనీ ఖాతా నుంచి వచ్చే చెక్కు వద్దు, పౌరసత్వం, గ్రీన్ కార్డు రెండూ లేనివాళ్ళ డబ్బు వద్దు, ఇండియా నుంచి బంధువులు పంపేది అసలే వద్దు. ఎవరు ఎంత ఇచ్చారో రాసిపెట్టుకోండి.

తెలుగు సంఘాలు, గుళ్ళు చాలావరకు పన్ను మినహాయింపు ఉన్న సంస్థలు. అభ్యర్థి ప్రచారానికి వాటి హాలు, మెయిల్ జాబితా, అధికారిక వాట్సాప్ గ్రూపు వాడొద్దు. ఉగాది వేడుకలో కలిసిన పదిమంది నంబర్లు మీ సొంత ఫోన్‌లో తీసుకుని, మర్నాడు మీ ఇంటికి టీకి పిలవండి. ఓటరు నమోదు ఎలాగో ఏ పార్టీ పేరూ ఎత్తకుండా చెప్పడానికి మాత్రం ఆ సంస్థల వేదిక వాడుకోవచ్చు. దానికి కౌంటీ ఎన్నికల ఆఫీసు నుంచి ఫారాలు ముందే తెచ్చిపెట్టుకోండి.